రెండో ఫోటో

పొద్దు పొడవకముందే
అంజిలమ్మ రంజన్లు కడుగుతది,
మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి,
పాసి పోయేదాకా.
మెడలకు తడిగుడ్డ చుట్టి
కానుగ చెట్టు కింద ఇసుకల కూసోబెడతది
ఇద్దరు బాలింతల లెక్క.

నీడ గురించి ఆమెనే అడగాలె.
యాపనీడ పలచనట, తుమ్మనీడ జల్లెడట,
కానుగనీడకు మాత్రం అడుగుంటదట.

మా పని కాలువల పూడిక తీసుడు.
దేవరకద్ర దాటినంక ఎడమకు మట్టిబాట,
రాళ్లు, మళ్ల రాళ్లు, నడుమ ముప్పై ఇద్దరం.
నేను మేటును. నా చేతిల పార ఉండదు,
ఫోనుంటది.
పొద్దుగాల ఒక ఫోటో, పగటీలి ఒక ఫోటో.
రెండో ఫోటోల లేని మొఖానికి
ఆ దినం కూలి లేదు.
ఆరింటికొచ్చి పదింటికే కొలత ఒడగొట్టినోళ్లు గూడ
ఆ ఫోటో కోసం ఎండల కాపలా ఉంటరు.
"ఇంక జరసేపు" అనేది
పైనున్న సారు కాదు. నేనే.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతయంటరు.
రోళ్లు ఎవలింట్ల ఉన్నయిప్పుడు,
పగిలేటివి పెదవులు.

కుర్మయ్యకు నీడంటే నామోషీ.
"పూనా దిక్కు సొరంగాలు తవ్విన,
గుజరాతుల ఉప్పు మోసిన,
ఈ ఎండ నాకు చుట్టం" అంటడు.
అంజిలమ్మ అంబలి చెంబు చాపితే
"ముందు ఆడోళ్లకియ్యి" అంటడు.
రుమాలు తడిపిస్తే పిండి గట్టు మీదేస్తడు.
జేబుల ఒక ఉల్లిగడ్డ, పెండ్లాం పెట్టింది.
అదే డాక్టరట.

ఆ దినం పదకొండున్నర.
ఫోటో తీద్దామంటే తెర నల్లగైంది.
వేడెక్కిందట,
చల్లబడేదాకా పనిచెయ్యదట.
తెల్లటి అక్షరాలల్ల ఎంత మర్యాదగ చెప్పిందో!
నేను కానుగ కిందికి ఉరికిన.
కొంగుతోటి విసిరిన, ఊదిన,
రంజన్ పక్కకు ఆనిచ్చి పట్టుకున్న
జరమొచ్చిన పిల్లను పట్టుకున్నట్టు.

నా ఎనక అంజిలమ్మ గొంతు:
"కుర్మన్నా, నీ అంగి ఎండిందేందే?"

అందరి అంగీలు తడిసి ఈపులకు అతుక్కున్నయి.
ఆయనదొక్కటే పొడిగ,
తెల్లటి ఉప్పుచారలతోటి,
అప్పుడే దండెం మీదికెంచి తీసినట్టు.
ఆయన నవ్విండు.
ఎవల పేరో పిలిచిండు, మా ఊర్ల లేని పేరు.
సొరంగంల ఎవరో ఉండిపోయినోడు కావచ్చు.
పార చేతిలకెంచి జారి రాయి మీద పడ్డది,
ఆ చప్పుడుకు తలగూడ తిప్పలే.

నలుగురితోటి లేపిచ్చి నీడల పండబెట్టింది.
గుండీలు ఇప్పింది.
చెయ్యి కడుక్కుంట అన్నా
ఎవ్వలకూ ఇయ్యని నీళ్లు
రెండు రంజన్లూ వంచింది,
మెడ మీద, చంకల్ల, గజ్జల్ల.
ఆయన నోట్ల పొయ్యబోయిన నా చెయ్యి పట్టుకున్నది:
"సోయి లేనోనికి తాపొద్దు, పొలమారుతది.
నువ్వు ఇసురు."

దేంతోటి ఇసరాలె?
మస్టరు కాయితాలుండె.
ముప్పై ఇద్దరి పేర్లు
ఒక్కని మీద గాలాడినయి.

నా ఫోను ఇంకా అలిగే ఉంది.
ఈదమ్మ బొడ్లె సంచిలకెంచి
బటన్ల ఫోను తీసి నూటెనిమిది నొక్కింది.
బండి మట్టిబాట పట్టే సరికి
ఆయన కండ్లు తెరిచి
ఉల్లిగడ్డ కోసం జేబు తడుముకున్నడు.

ఆ దినం రెండో ఫోటో లేదు.
ముప్పై ఇద్దరి కూలి కోసం
నేను మండలాఫీసు మెట్లు నాలుగుసార్లెక్కిన.
"వేడికి ఫోను ఆగింది సార్" అంటే
వెంటనే నమ్మిండ్రు.
"వేడికి మనిషి ఆగిండు" అంటే
కాయితం తెమ్మన్నరు.

కుర్మయ్య తొమ్మిదో దినం వచ్చిండు.
ఏమీ అనలే.
రుమాలు రంజన్ కాడ ముంచి
పిండకుండనే నెత్తికి చుట్టుకున్నడు,
చెవుల ఎనక నుంచి నీళ్లు కారంగ.

అంజిలమ్మ ఇప్పుడు
నీళ్లు తాగినవా అని అడగదు.
అరగంటకొకసారి వరస పొంటి నడుస్తది,
ఒక్కొక్కరి ఈపు మీద అరచెయ్యి పెట్టి
తడి చూసుకుంట.
చివరికి నా కాడికొస్తది.
పార పట్టని నా ఈపు మీద గూడ
ఆ చెయ్యి జరసేపు ఆగుతది.